మచ్చుకి ఒక ముక్క

నా కడుపులో ఏదో పెరుగుతోందని అందరికన్నా ముందు కనిపెట్టింది మా వీధి. నరసరావుపేటలో మా నాన్న మిర్చి కొట్టు, దాని వెనక గోడౌను, ఆ పైన మా ఇల్లు. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికి వచ్చినప్పుడు పొట్ట కాస్త ముందుకు కనబడితే దానికి ఒకటే అర్థమని ఆ వీధి నమ్మకం. ఎదురింటి పిన్ని ఒక గిన్నెలో చింతకాయ పచ్చడి తెచ్చి, "ఎన్నో నెలే అమ్మాయ్?" అంది. నెలకి సగం రోజులు రక్తం పోతున్న మనిషి ఆ ప్రశ్నకి ఏం చెబుతుంది? పచ్చడి మాత్రం తీసుకున్నాను. బాగుంది.

ఇప్పుడు గండం చాలా వరకు గడిచింది. కొంత నా స్థిమితం కోసం, కొంత మా ఇంట్లో జరిగిన పొరపాటు ఇంకో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను. మధ్యలో వెటకారం దొర్లితే ఏమీ అనుకోకండి. భయం వేసినప్పుడు నా నోరు అలాగే పనిచేస్తుంది. అలా చూస్తే పోయిన ఏడాదంతా నేను చాలా సరదాగా ఉన్నాను.

శ్రావణం

మొదట మా ఊళ్లోనే ఒక ఆస్పత్రికి వెళ్లాం. నేనూ, మా బావా. బావ అంటే నా భర్తే, మేనత్త కొడుకు. మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. నేను ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతాను. ఇద్దరం కలిసి ఒక చోట కూర్చునే అవకాశం ఆస్పత్రి బెంచీల మీదే ఎక్కువ దొరికింది.

వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒకావిడ కూర్చుంది. బొల్లాపల్లి నుంచి వచ్చిందట. మెడలో నల్ల దారానికి చిన్న శిలువ. నా మొహం చూసి తన చోటు నాకిచ్చింది.

"ఇటు కూసో అమ్మా, ఈడ ఫ్యాను తగులుద్ది. దేనికొచ్చావు?"

"గడ్డంట అక్కా. గర్భసంచిలో."

"తీసేత్తారు," అంది, బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినంత మామూలుగా. "నాకు చిన్న వయసులోనే తీసేశారు. మా పేటలో సగం మందికి లేదు. మిరప కోతకి పోయినప్పుడు నడుం పట్టేసుద్ది, ఇంకేం కాదులే."

"మీరు వద్దనలేదా?"

"అడగొచ్చని తెలవదమ్మా. నువ్వు సదువుకున్నావు గదా. అడుగు."

లోపల డాక్టరు స్కాను ఫిల్మును వెలుతురుకి పెట్టి చూశాడు. గడ్డ బొప్పాయి కాయంత ఉందన్నాడు. మన దేశంలో డాక్టర్లందరూ కూరగాయల మార్కెట్లోనే చదువుకుంటారేమో. తర్వాత గర్భసంచితో సహా తీసేస్తే పీడా పోతుందన్నాడు. మాకింకా పిల్లల్లేరని బావ అన్నాడు. ముందు మనిషి ముఖ్యం కదా అన్నాడు డాక్టరు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే మరింత ఏడుపొచ్చింది.

బయటికొచ్చాక బొల్లాపల్లి అక్క కోసం చూశాను. అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ చెప్పిన మాట ప్రకారం అడగడం మొదలుపెట్టాను.

కార్తీకం

అడగ్గా అడగ్గా గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గర తేలాం. ఈసారి నాన్న కూడా వచ్చాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఒంటిచేత్తో కొట్టునీ, నాయనమ్మ రెండు చేతులతో నన్నూ పెంచారు. నాన్నకి ఆడవాళ్ల ఆస్పత్రిలో ఎటు చూడాలో తెలియదు. గోడల మీదున్న పసిపిల్లల ఫొటోలు చూడలేక, కింద టైల్స్ చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ నిదానంగా మాట్లాడే మనిషి. గర్భసంచి ఉంచి గడ్డ మాత్రమే తీయవచ్చంది. పెద్ద కోత కూడా అక్కర్లేదట, చిన్న చిన్న రంధ్రాలు చాలట.

నాన్న మొదటిసారి తలెత్తాడు. "అంత గడ్డ, అంత చిన్న బెజ్జంలోంచి ఎట్టా వస్తదమ్మా?"

"ముక్కలు చెయ్యాలండీ. దానికి మిషన్ ఉంది."

"కడుపు లోపలేనా?"

"అదే చెప్పబోతున్నా," అని ఆవిడ కాగితం మీద బొమ్మ గీసింది. గడ్డని గర్భసంచి నుంచి వేరు చేశాక, కడుపు లోపలే ఒక పల్చటి సంచి విప్పి అందులో వేస్తారు. సంచి మూతిని బొడ్డు దగ్గర నుంచి పైకి లాగుతారు. ముక్కలు చేయడమంతా ఆ సంచి లోపలే. చివర్లో సంచి బయటికి తీసి నీళ్లు పోసి, ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు.

"సంచి లేకుండా చేస్తే?" అన్నాను.

"గడ్డ మామూలుదైతే చాలాసార్లు ఏమీ కాకపోవచ్చు. కొందరికి కోతలో రాలిన ఆ రజను లోపలే ఎక్కడో అతుక్కుని మళ్లీ గడ్డలవుతాయి. అసలు భయం అది కాదు. చాలా అరుదుగా ఇట్లాంటి గడ్డలో క్యాన్సర్ దాక్కుని ఉంటుంది. స్కాన్లో మీది మామూలుగానే కనబడుతోంది. అయినా కోసి పరీక్ష చేసేదాకా గ్యారంటీ నేనివ్వలేను. అట్లాంటిదాన్ని విడిగా తురిమితే కడుపంతా చల్లినట్టే."

క్యాన్సర్ అనే మాట పిలవని చుట్టంలా వచ్చి మా ముగ్గురి మధ్య కూర్చుంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి నా చెయ్యికన్నా చల్లగా ఉంది కాబట్టి ధైర్యం చెప్పే పని నాకే పడింది.

నాన్న మాత్రం సంచి సంగతి చాలా ఇష్టపడ్డాడు. జీవితమంతా గోతాల మధ్య బతికిన మనిషి. కారులో తిరిగి వస్తూ, "ఒక్క గింజ కూడా కింద పడదన్నమాట. చానా మంచి పద్ధతి," అని మూడూళ్లు దాటేదాకా అంటూనే ఉన్నాడు.

మాఘం

ఆపరేషన్ రోజున నన్ను లోపలికి తీసుకెళుతుంటే నాయనమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "ఏమే, భయపడమాకు, కళ్లు మూసుకుని పడుకో," అంది. మత్తు ఇచ్చాక కళ్లు తెరుచుకుని ఉండే ఏర్పాటు లేదు కదా నాయనమ్మా అందామనుకున్నాను. ఈలోపు తలుపు మూశారు. లోపల లైట్ల కింద పడుకుని ఒకటే అనుకున్నాను: లేచేసరికి గర్భసంచి ఉండాలి, సంచి చిరక్కూడదు. దేవుణ్ని ఒకేసారి రెండు సంచుల గురించి అడిగింది బహుశా నేనే.

లేచాక డాక్టరమ్మ నా చెవి దగ్గర చెప్పింది. "గర్భసంచి ఉంది. ఆ సంచీ చిరగలేదు. నీళ్లు పోసి చూశాం, చుక్క కారలేదు."

ఏడ్చాను. కుట్లు లాగడంతో వెంటనే మానేశాను.

మన ఆస్పత్రుల్లో ఒక పద్ధతి ఉంది కదా. లోపల ఏది తీసినా ట్రేలో పెట్టి బయట చుట్టాలకి చూపిస్తారు. మీ సొమ్ము మేమేం దాచుకోలేదు, చూసుకోండి అన్నట్టు. నాదీ చూపించారట. బావ గోడవైపు తిరిగాడట. నాయనమ్మ కళ్లు మూసుకుందట. నాన్న ఒక్కడే చాలాసేపు చూసి, "ఇంతేనా, ఇంకా ఉందా?" అని అడిగాడట. అంతా ఇదేనని నర్సు ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో మందు నీళ్లు పోసి, అందులో ముక్కలన్నీ వేసి నాన్న చేతికిచ్చింది. ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంది. పక్క వీధిలోనే ల్యాబ్. కానీ నాన్న ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఏదీ ఇవ్వడు. నరసరావుపేటలో ల్యాబ్‌కి శాంపిళ్లు తీసుకునే కుర్రాడొకడు మా కొట్టుకి పాత ఖాతాదారు కొడుకు. "మనోడున్నాడుగా," అని డబ్బా ఇంటికి తెచ్చాడు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నేను బార్లీ నీళ్లు తాగుతూ, నవ్వొస్తే కడుపు పట్టుకుంటూ ఉన్నాను. అందుకే మా బావని మాట్లాడొద్దన్నాను.

కొన్నాళ్లకి రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. నాయనమ్మ పూర్ణం బూరెలు వండింది. ఎదురింటి పిన్నికి నేనే పంపించాను, చింతకాయ పచ్చడి బాకీ తీరిపోతుందని. నాన్న కొట్టులో కూర్చుని, వచ్చిన ప్రతి బేరగాడికీ కారణం చెప్పకుండా బూరె పెట్టాడు. ఆ రాత్రి నెలల తర్వాత మొదటిసారి నేను బోర్లా పడుకోవాలనుకున్నాను. కుట్లు ఒప్పుకోలేదు గానీ ఆశ పడడంలో తప్పులేదు.

ఎండలు మొదలైనప్పుడు

కుట్లు మానాక డాక్టరమ్మకి చూపించుకోవడానికి వెళ్లాం. రిపోర్టు ఆవిడ చేతిలో పెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూసే పిల్లల్లా నిలబడ్డాం. ఆవిడ చదివింది. మళ్లీ చదివింది.

"ఒక ముక్క అందింది అని రాశారేంటి? నేను పంపింది డబ్బా నిండా కదా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మచ్చు పంపానమ్మా."

"ఏం పంపారు?"

"మచ్చు. శాంపిలు. మిర్చి యార్డులో అట్టానే గదా. లారీ సరుకు మొత్తం మోసుకుపోం. బస్తాలోంచి గుప్పెడు తీసి చూపిస్తే లోపలిదంతా తెలిసిపోద్ది. మంచి ముక్క చూసి, శుభ్రంగా చిన్న సీసాలో పెట్టి పంపా."

మంచి ముక్క చూసి! మా నాన్న ముప్పై ఏళ్ల వ్యాపారంలో కొనేవాడికి నాసిరకం మచ్చు చూపించి ఎరగడు. నా విషయంలో ఆ పేరు పోనివ్వలేదు.

డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇది బస్తా కాదండీ," అంది మెల్లగా. "ఒక మూల మామూలుగా ఉంటుంది, ఇంకో మూల క్యాన్సర్ ఉండొచ్చు. మేం సంచిలో పెట్టి ఒక్క పొల్లు పోకుండా తీసింది మీ అమ్మాయి కడుపు కోసమే కాదు, ల్యాబ్ వాళ్లు మొత్తం చూడాలని కూడా. ఈ రిపోర్టు ఆ ఒక్క ముక్క గురించే చెబుతుంది. మిగతాది ఏది?"

పొలం మట్టిలో కలిపేద్దామనుకున్నానన్నాడు నాన్న. సీజను హడావిడిలో తర్వాత ఏమైందో తనకే గుర్తు లేదన్నాడు.

నేను ఇంటికి ఫోన్ చేశాను. నాయనమ్మ పేరు రెండుసార్లు తప్పు నొక్కాను.

"నాయనమ్మా, నాన్న ఆస్పత్రి నుంచి తెచ్చిన డబ్బా ఏమైంది?"

"ఏముంది, గోడౌన్లో ఉంది. మీ నాన్న ఆ రోజే పట్టుకుపోయి పొలంలో పూడ్చొస్తానన్నాడు. శుక్రవారం పూట, ఆడపిల్ల ఒంట్లోది, ఇంట్లోంచి బయటికి పంపిస్తానా? కాళ్లిరగ్గొడతానన్నా. తర్వాత మిర్చి సీజను పడింది, మర్చిపోయాడు. ఏందే, ఏమైంది?"

మా కొట్లో శుక్రవారం నాడు ఎవరికీ చిల్లర కూడా అప్పివ్వరు. లక్ష్మి గడప దాటుతుందని. చిన్నప్పటి నుంచి నేను ఆ మాట మీద వేసినన్ని జోకులు ఇంకే మాట మీదా వేయలేదు. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, నాయనమ్మా నీ కాళ్లు మొక్కుతా అన్నాను. "ముందు లేచి నిలబడు, కుట్లు," అంది.

ఇంటికొచ్చి నేనే గోడౌన్లోకి వెళ్లాను. వద్దన్నా వినలేదు. కొత్త కాయల ఘాటు మొహాన కొట్టింది. మిర్చి గోడౌన్లో దగ్గకుండా నిలబడ్డ మనిషిని నేనింతవరకు చూడలేదు. కోసిన కడుపుతో దగ్గడం ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను, కానీ ఎవరికీ చెప్పను. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతుండగా బస్తాల వెనక వంగి చూశాను. డబ్బా ఉంది. మూత బిగించే ఉంది. నీళ్లు ముక్కల పైదాకా ఉన్నాయి.

వెనకాల నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లలో కూడా నీళ్లు. మిర్చి వల్ల అనుకునే అవకాశం ఇద్దరికీ ఉంది.

"ఎందుకు చేశావు నాన్నా?"

"పరాయోళ్ల చేతుల్లో పెట్టబుద్ధి కాలేదే. నీ ఒంట్లోది. టేబుల్ మీద పరిచి, ఎవరెవరో... ఒక్క ముక్క ఇస్తే పనైపోద్దిగా అనుకున్నా." కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ కండువాకీ మిర్చి పొడే. "నువ్వు బాగుంటే చాలనుకున్నానమ్మా. నాకింకేం తెలీదు."

తిట్టాలని చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. అన్నీ మంచివే. ఒక్కటీ వాడలేదు.

డబ్బా ఒళ్లో పెట్టుకుని మళ్లీ గుంటూరు వెళ్లాను. దారంతా స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాను. మా వీధి చూసి ఉంటే, ఎట్టకేలకు ఒళ్లో ఏదో ఉందని సంతోషించేది.

మళ్లీ ఎదురుచూపు. ముందటి ఎదురుచూపు భయం. ఇది వేరు. బూరెలు వండుకుని తిన్నాక, తిన్నది వెనక్కివ్వమన్నట్టు. బావ మాచర్ల నుంచి వచ్చి నాన్న మీద అరిచాడు. "మీ లెక్కలు కొట్టు దగ్గర పెట్టుకోండి మామయ్యా, మా బతుకు మీద కాదు!" నాన్న అన్నం దగ్గరికి రావడం మానేశాడు. నాయనమ్మ కంచం కొట్టుకి పంపించేది, సగం తిరిగి వచ్చేది. నేను కాలేజీకి వెళ్లి పిల్లలకి లాభనష్టాల పాఠం చెప్పాను. ఏం చెప్పానో వాళ్లే చెప్పాలి.

ఒక సాయంత్రం మేడ మీద కూర్చుని, నేను చనిపోతే ఎవరెవరు ఎలా ఏడుస్తారో ఊహించుకున్నాను. ఎదురింటి పిన్నే అందరికన్నా బాగా ఏడుస్తుంది. ఆవిడకి ఆ ప్రతిభ ఉంది. అలా నవ్వుకుంటుండగా, గర్భసంచి ఉంచమని పట్టుబట్టింది నేనే కదా అనే ఆలోచన వచ్చింది. ఆ తర్వాత చీకటి పడేదాకా ఏ జోకూ దొరకలేదు. చాలా వెతికాను.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ నన్నొక్కదాన్నే ముందు పిలిచింది.

"ఇది క్యాన్సర్ కాదు," అంది. నేను ఊపిరి తీసుకునేలోపే చెయ్యెత్తింది. "మామూలు గడ్డ కూడా కాదు. ఒకచోట కణాలు నమ్మదగ్గట్టుగా లేవు. ఇదీ అని ముద్ర వేసి చెప్పలేని రకం. ఇట్లాంటివి చూసే ఇంకో పెద్దాయనకి పంపించి చూపించాను. ఆయనా అదే అన్నారు."

"మొదటి ముక్కలో?"

"అందులో లేదు. ఆ రిపోర్టే నమ్ముకుని ఉంటే మీరు మళ్లీ నా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. ఇట్లాంటివి కొన్నిసార్లు ఏళ్ల తర్వాత తిరిగి వస్తాయి. మనం కనిపెట్టుకుని ఉండాలి. గర్భసంచి ఇప్పుడే తీసేయాల్సిన పని లేదు. పిల్లలు కావాలనుకుంటే ప్రయత్నించొచ్చు, కాస్త ఆగి. విడిగా కోసి ఉంటే ఈ మాట నేను ఇంత నిదానంగా చెప్పలేకపోయేదాన్ని. సంచిలో చేశాం, అది చిరగలేదు. మనకున్న బలం అదే."

బయటికొచ్చి నాన్నకీ బావకీ చెప్పాను. నాన్నకి సగం అర్థమైంది. బావకి పూర్తిగా అర్థమై, వెళ్లి నాన్న పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక, "టీ తాగుదాం రా మామయ్యా," అన్నాడు. ఇద్దరూ లేచి వెళ్లారు. నన్ను పిలవడం మర్చిపోయారు.

మళ్లీ శ్రావణం

ఇది చదివే అక్కచెల్లెళ్లకి రెండు మాటలు. గడ్డని లోపల ముక్కలు చేస్తామంటే, సంచిలోనేనా అని అడగండి. సిగ్గుపడకండి, వాళ్లేం అనుకోరు. అనుకుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పొండి. తీసినదంతా, ప్రతి ముక్కా, నేరుగా ల్యాబ్‌కి వెళ్లిందో లేదో మీ ఇంట్లో వాళ్లని గట్టిగా అడగండి. మీ ఇంట్లో వాళ్లకి మీ మీద ప్రేమ ఎక్కువైతే రెండుసార్లు అడగండి.

మొన్న మొదటి స్కాను. చల్లటి జెల్లు పూసి, డాక్టరమ్మ స్క్రీన్ వైపు చూస్తూ మాట్లాడకుండా కడుపు మీద మిషన్ తిప్పుతోంది. ఒక చోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆ కాస్తసేపూ నాకు గోడ మీదున్న పసిపిల్లల ఫొటోల్లో ఒక్కరి మొహం కూడా కనబడలేదు.

"పేగు," అంది ఆవిడ. "మామూలే. అంతా శుభ్రంగా ఉంది." టిష్యూ చేతికిచ్చింది. "ఏమైనా అడగాలా?"

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆవిడ కూడా నవ్వడానికి సిద్ధంగా నా వైపు తిరిగింది.

"నేను బతుకుతానా అండీ?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఈ ప్రశ్న ఆరు నెలలకోసారి వచ్చి అడుగు. ప్రతిసారీ చూసి చెబుతా. ఇవాళ్టికైతే, అవును."

పొట్ట మీద జెల్లు తుడుచుకున్నాను. చీర సర్దుకుని లేచాను. బయట అప్పటికే తర్వాతి పేరు పిలుస్తున్నారు.